బొమ్మలకు ప్రాణము పోసిన వాల్ట్ డిస్నీ

నోటుపుస్తకము అంచున పుటకొక బొమ్మ చొప్పున, ఒకదానికంటె ఒకటి కొద్దిపాటి మార్పుతో గీసి, ఆ పుటలను బొటనవ్రేలితో గబగబ విడిచిన యెడల బొమ్మ కదలినట్లు కనబడును. ఎగురు పిట్ట, పరుగెత్తు కుక్క, గంతులువేయు మనుష్యుడు మొదలగు వింతలను మీలో అనేకులు చేసియే యుందురు. నేడు అందరును యానిమేషన్ అని పిలుచు కళకు మూలము ఈ చిన్న వినోదమే. కదలని బొమ్మలను వేగముగ ఒకదాని వెనుక ఒకటి చూపి, చూచువారికి కదలిక కలదని తోపజేయుటయే ఆ కళ. సినిమాలో సెకనుకు 24 చిత్రములు మన కన్నులయెదుట నిలిచి తొలగుచుండును. నిమిషమునకు అవి 1,440 అగును. ఒక్కొక్క బొమ్మను రెండుమార్లు ఛాయాచిత్రము తీసి సరిపుచ్చుకొన్నను, నిమిషమునకు 720 బొమ్మలు గీయక తప్పదు. అన్నిటిని చేతితోనే గీయవలసిన రోజులలో ఈ విద్యను నేర్చి, దానికి చక్కని పద్ధతి నొకదానిని సమకూర్చి, లోకమందలి పిల్లలను పెద్దలను ఆనందపరచిన వాల్ట్ డిస్నీ చరిత్రమును ఇచట తెలిసికొందము.

వాల్ట్ డిస్నీ 1901 వ సంవత్సరము డిసెంబరు 5 వ తేదీన అమెరికా దేశమందలి చికాగో నగరమున జన్మించెను. తండ్రి ఎలియాస్, తల్లి ఫ్లోరా. తండ్రి కష్టజీవి, మిక్కిలి కఠినుడు. ఏ వృత్తి చేపట్టినను ఆయనకు కలిసిరాలేదు. 1906 లో ఆ కుటుంబము మిస్సోరి రాష్ట్రమున మార్సెలీన్ అను చిన్న ఊరి చేరువనున్న వ్యవసాయక్షేత్రమునకు తరలిపోయెను. అచటి పశువులు, పక్షులు, చెట్లు బాలుని మనస్సును ఆకర్షించెను. ఒకనాడతడు తారు పీపాను కనుగొని, అందు పుల్లను ముంచి, ఇంటి తెల్లని గోడమీద బొమ్మలు వేసెను. తారు మరకలు ఎంత కడిగినను పోలేదు. తండ్రి కోపము ఎట్టిదై యుండునో చెప్పనక్కరలేదు. అయినను బొమ్మలు వేయు ఇచ్ఛ మాత్రము ఆ బాలుని విడువలేదు. పొలములో అతడు చూచిన కోళ్ళు, పందులు, బాతులు తరువాతి కాలమున అతని చిత్రములలో పాత్రలై తిరిగివచ్చినవి.

వ్యవసాయము సాగకపోవుటచే తండ్రి పొలము నమ్మివేసి, 1911 లో కాన్సస్ నగరము చేరి, వార్తాపత్రికలను ఇంటింటికి చేర్చు పనిని పూనెను. ఆ భారము వాల్ట్ మీదను, అతనికంటె ఎనిమిదేండ్లు పెద్దవాడైన అన్న రాయ్ మీదను పడెను. తెల్లవారకముందే లేచి, మోకాలిలోతు మంచులోనైనను నడచి, పత్రికలను ఒక్కొక్క గుమ్మమున ఉంచి రావలెను. సాయంకాలము మరల అదే పని. బాలుడు తరగతిలో కూర్చుండి నిద్రకు తూగుచుండెను. ఆరు సంవత్సరములు ఈ విధముగ గడచినవి. చదువులో అతడు గొప్ప పేరేమియు గడింపలేదు. కాని పాఠ్యపుస్తకముల అంచులను బొమ్మలతో నింపెను, నాటకము లాడెను, వినోదచిత్రములను చూచి వచ్చి అందలి నటులను అనుకరించి తోడివారిని నవ్వించెను. గీయుట, నటించుట అను రెండు విద్యలును అతనిలో ఒకేసారి పెరిగినవి. ఈ రెండును కూడినచోటనే యానిమేషన్ పుట్టును.

1917 లో కుటుంబము మరల చికాగో చేరెను. అచట వాల్ట్ పగలు ఉన్నత పాఠశాలలో చదువుచు, రాత్రులు చిత్రకళాశాలలో పాఠములు నేర్చుకొనెను. అప్పుడు మొదటి ప్రపంచయుద్ధము జరుగుచుండెను. అన్నలు సైన్యమునకు పోవుట చూచి, అతడు పదునారేండ్ల వయస్సుననే రెడ్‌క్రాస్ సంస్థలో చేరెను. ఫ్రాన్స్ దేశము చేరునప్పటికి యుద్ధము ముగిసిపోయెను. దాదాపు ఒక యేడు అచట వాహనములను నడపుచు, తీరిక దొరకినప్పుడెల్ల బొమ్మలు వేయుచు గడపి, 1919 లో స్వదేశమునకు మరలెను. తండ్రి తాను భాగస్తుడైన కర్మాగారములో పని చూపగా అది అతనికి రుచింపలేదు. చిత్రకారుడగుటయే తన ధ్యేయమని నిశ్చయించుకొని కాన్సస్ నగరము చేరెను.

అచట ప్రకటనల బొమ్మలు వేయు కార్యాలయమున పనిచేయుచుండగా ఆయనకు అబ్ అయివర్క్స్ అను యువకునితో స్నేహము కుదిరెను. ఇద్దరును సమవయస్కులే. అయివర్క్స్ మాట తక్కువవాడు. గీయుటలో అసమాన వేగము కలవాడు. 1920 లో ఆ మిత్రులిద్దరును సినిమాశాలలలో ప్రదర్శించు ప్రకటనచిత్రములను తయారుచేయు సంస్థలో చేరిరి. అచటి పద్ధతి మన తోలుబొమ్మలాటను తలపించునట్టిది. కాగితముతో బొమ్మలను కత్తిరించి, కాళ్ళు చేతులు కదలునట్లు కీళ్ళు అమర్చి, ఆ అవయవములను కొంచెము కొంచెము జరపుచు కెమెరాతో ఒక్కొక్క ఛాయాచిత్రము తీయుదురు. డిస్నీ ఈ పని సులభముగనే నేర్చెను. కాని కాగితపు బొమ్మ చేయి ఎత్తగలదే గాని, కన్ను చికిలించలేదు, బుగ్గలు పూరింపలేదు, వంగి నడుము సాగదీయలేదు. న్యూయార్కు నగరమునుండి వచ్చు చిత్రములలో బొమ్మలు ఇంతకంటె ఎంతో చురుకుగ మెలగుచుండెను. ఆ రహస్యమును తెలిసికొనవలెనని ఆయన తహతహలాడెను.

నేర్పుటకు గురువు లేడు. అప్పుడు ఆయన నగర గ్రంథాలయమునకు పోయెను. ఎడ్విన్ లట్జ్ అను రచయిత యానిమేషన్ చిత్రముల తయారీని గురించి వ్రాసిన గ్రంథము 1920 లో వెలువడి, ఆ గ్రంథాలయమున ఉండెను. దానిని డిస్నీ ఇంటికి తెచ్చుకొని శ్రద్ధగా చదివెను. కాగితములకు రంధ్రములు వేసి మేకులకు తగిలించినచో బొమ్మలు ఒకదానిపై ఒకటి సరిగా కుదురునని, వెనుకనున్న దృశ్యమును మాటిమాటికి గీయకుండ కదలు బొమ్మను మాత్రము పారదర్శకమైన సెల్యులాయిడు రేకుమీద వేయవచ్చునని, నడక వంటి కదలికలకు కొన్ని బొమ్మలనే తిరిగి తిరిగి వాడుకొనవచ్చునని ఆయన గ్రహించెను. చదివి ఊరకుండక, పనిచేయు సంస్థనుండి కెమెరాను అడిగి తెచ్చుకొని, పగటి ఉద్యోగము ముగిసిన పిదప రాత్రులు ఇంటివద్ద ప్రయోగములు చేసెను. ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. పుస్తకము ఉపాయమును చూపినది. చేతికి పనితనము మాత్రము రాత్రుల శ్రమవలననే అలవడినది.

1922 లో, ఇరువదేండ్ల వయస్సున, ఆయన లాఫ్-ఓ-గ్రామ్ అను పేరుతో సొంత సంస్థను స్థాపించి, ప్రసిద్ధమైన పిల్లల కథలను చిన్నచిన్న చిత్రములుగ తీయ నారంభించెను. చిత్రములు బాగుగనే యుండెను. కాని వాటిని కొన్న పంపిణీదారు సొమ్ము చెల్లింపకయే మూతపడెను. పనివారికి జీతములు లేవు. ఇంటికి అద్దె లేదు. డిస్నీ కార్యాలయములోనే నిద్రించుచు, వారమున కొకసారి రైల్వేస్టేషనుకు పోయి రుసుము చెల్లించి స్నానము చేసి వచ్చుచుండెను. ఒక దంతవైద్యుడు పండ్ల శుభ్రతను గురించి చిన్న చిత్రము చేయించుకొని 500 డాలర్లు ఇచ్చెను. ఆ సొమ్ము కొంతకాలము నిలిపినను, 1923 లో సంస్థ దివాలా తీసెను. ఆ వేసవిలో డిస్నీ అరువది కాదు, డెబ్బది కాదు, 40 డాలర్లు మాత్రము జేబులో పెట్టుకొని కాలిఫోర్నియాలోని హాలీవుడ్‌కు రైలెక్కెను.

అన్న రాయ్ క్షయవ్యాధిచే అప్పుడు లాస్ ఏంజెల్స్ చేరువ ఆసుపత్రిలో ఉండెను. తమ్ముని చిత్రములు కొనుటకు మార్గరెట్ వింక్లర్ అను పంపిణీదారు అంగీకరించినట్లు వార్త రాగా, ఆ అన్న ఆసుపత్రిని వీడి వచ్చి తమ్మునికి తోడు నిలిచెను. 1923 అక్టోబరు 16 వ తేదీన ఒప్పందము కుదిరినది. డిస్నీ సోదరుల సంస్థ నాడే పుట్టినది. రాయ్ లెక్కలు చూచెను. వాల్ట్ కథలు చూచెను. కాన్సస్ నగరమునుండి అయివర్క్స్ కూడ వచ్చి కలిసెను. అప్పటి నుండి వాల్ట్ తాను బొమ్మలు గీయుట క్రమముగ మానివేసెను. తనకంటె చక్కగ గీయువారు తన చెంతనే కలరని ఆయన ఎరిగెను. కథను ఊహించుట, పాత్ర స్వభావమును నిర్ణయించుట, నటించి చూపుట, ఇతరుల పనిలోని మేలును కీడును గుర్తించుట అనునవి ఆయన పనులైనవి. 1925 లో ఆయన తన సంస్థలోనే పనిచేయుచుండిన లిలియన్‌ను వివాహమాడెను.

1927 లో ఆ సంస్థ ఓస్వాల్డ్ అను కుందేలు బొమ్మను సృష్టించెను. అది ప్రజలకు నచ్చినది. మరుసటి యేడు, ఎక్కువ సొమ్ము కోరుటకై డిస్నీ న్యూయార్కు పోయెను. అచట పంపిణీదారుడైన చార్లెస్ మింట్జ్ చెప్పిన మాటలు ఆయన తలపై పిడుగువలె పడినవి. ఒప్పందము ప్రకారము ఆ కుందేలుపై హక్కు డిస్నీకి లేదు. అంతేగాక, ఆయన చిత్రకారులలో అధికభాగమును మింట్జ్ రహస్యముగ తనవైపు త్రిప్పుకొని యుండెను. తక్కువ సొమ్ముకు తన క్రింద పనిచేయుట యొకటి, కుందేలును వదలుకొనుట యొకటి — ఈ రెండింటిలో దేనినైన ఎంచుకొనవలసి వచ్చెను. డిస్నీ కుందేలును వదలుకొనెను. నాటి నుండి తాను సృష్టించిన దానిపై హక్కును పరుల చేతికి ఈయరాదని ఆయన దృఢముగ నిశ్చయించుకొనెను. ఆయన మరణించిన చాలకాలమునకు, 2006 లో, ఆయన పేర వెలసిన సంస్థ ఆ కుందేలుపై హక్కును తిరిగి సంపాదించెను.

పలువురు విడిచిపోయినను అయివర్క్స్ విడువలేదు. ఆ మిత్రు లిరువురును కలిసి కొత్త పాత్రకై ఆలోచించి, గుండ్రని చెవులు గల ఎలుకను కల్పించిరి. అదియే మిక్కీ మౌస్. మొదటి చిత్రమును దాదాపు మొత్తము అయివర్క్స్ ఒక్కడే గీసెను. దినమునకు 700 బొమ్మల వరకు ఆయన గీసినట్లు చెప్పుదురు. కాని మాటలు లేని ఆ మూకీ చిత్రమును కొనువారు రాలేదు. అప్పుడే సినిమాలకు ధ్వని వచ్చుచుండెను. మిక్కీ నటించు మూడవ చిత్రమును ధ్వనితో తీయుటకు డిస్నీ సంకల్పించెను. బొమ్మ అడుగు వేసినప్పుడే మద్దెల మ్రోగవలెను. ఈల వేసినప్పుడే ఈల వినబడవలెను. మొదటి మారు వాద్యకారులు చిత్రముతో కలసి వాయింపలేకపోగా పెట్టిన సొమ్మంతయు వృథా అయ్యెను. డిస్నీ తన కారును అమ్మివేసెను. రెండవ మారు, తాళమును అనుసరించి పైకి క్రిందికి ఎగురు బంతి గుర్తును ఫిలిముమీద వేయించి, దానిని చూచుచు వాయింపజేసెను. ఈ ఉపాయము ఫలించెను. 1928 నవంబరు 18 వ తేదీన స్టీమ్‌బోట్ విల్లీ అను ఆ చిత్రము న్యూయార్కులో ప్రదర్శింపబడి, ప్రజలను ముగ్ధులను గావించెను. మిక్కీకి చాల యేండ్ల వరకు డిస్నీయే స్వయముగ గొంతు నిచ్చెను.

ఇంతవరకు జరిగినది సాహసగాథ. ఇక ఆయన ఈ కళకు ఒసగిన గొప్ప పద్ధతిని గూర్చి చెప్పవలెను. తొలిదినములలో చిత్రకారులు నాలుగు నవ్వుమాటలు అనుకొని వెంటనే గీయ మొదలిడుచుండిరి. సగము గీసిన పిదప కథ కుదరలేదని తెలిసినచో, వందలకొలది బొమ్మలు చెత్తబుట్ట పాలగుచుండెను. 1930 తరువాతి సంవత్సరములలో డిస్నీ సంస్థలో వెబ్ స్మిత్ అను కథకుడు ఉండెను. ఆయన కథలోని ఘట్టములను చిన్నచిన్న కాగితములపై గీసి, వరుసగా గోడకు పిన్నులతో గ్రుచ్చుచుండెను. క్రొత్తగ రంగువేసిన గోడలు పాడగుచున్నవని డిస్నీ మొదట విసుగుకొనెనట. అంతలోనే ఆ పద్ధతిలోని మేలును గ్రహించి, పిన్నులు గ్రుచ్చుటకు వీలైన పెద్దపలకలను చేయించి ఇచ్చెను. ఆ పలకకే స్టోరీబోర్డు అని పేరు. తెలుగున దానిని కథాఫలకము అనవచ్చును.

కథాఫలకము వలన కలుగు లాభము లేమి? కథ మొత్తము ఒక్క చూపులో కనబడును. ఎచట కథ సాగిలపడుచున్నదో, ఎచట తొందరపడుచున్నదో, ఏ దృశ్యము తరువాత ఏ దృశ్యము రావలెనో తెలియును. నచ్చని కాగితమును పిన్ను ఊడదీసి తొలగింపవచ్చును. ముందుదానిని వెనుకకు, వెనుకదానిని ముందునకు మార్చవచ్చును. ఒక కాగితమును పారవేసినందున కలుగు నష్టము పది నిమిషముల శ్రమ మాత్రమే. అదే తప్పు చిత్రము పూర్తియైన పిదప తెలిసినచో నష్టము పది వారముల శ్రమ. డిస్నీ తన కథకులను పలకముందు నిలువబెట్టి, బొమ్మలను కఱ్ఱతో చూపుచు కథను చెప్పించెను. వినుచున్న వారు నవ్వవలసినచోట నవ్వనిచో, ఆ కాగితము పలకపై నిలువదు. 1933 లో వచ్చిన మూడు పందిపిల్లల కథ ఈ పద్ధతికి మంచి ఫలము. ఆ మూడింటి రూపము ఒక్కటే. స్వభావములు మాత్రము వేరు. గడ్డియిల్లు కట్టినవాడు, పుల్లలయిల్లు కట్టినవాడు, ఇటుకలయిల్లు కట్టినవాడు ఎవరెవరో వారి నడకనుబట్టియే తెలియును. బొమ్మ కదలుట చాలదు, ఆలోచించుచున్నట్లు కనబడవలెనని ఆ చిత్రము నిరూపించెను.

కథాఫలకము సిద్ధమైన తరువాత పని పలువురి చేతులకు పంచబడును. మాటలను పాటలను ముందుగ రికార్డు చేయుదురు. ఏ అక్షరము ఎన్నవ చిత్రమువద్ద పలుకబడునో పట్టిక వ్రాయుదురు. ప్రధాన చిత్రకారుడు కదలికలోని ముఖ్యమైన బొమ్మలను మాత్రము గీయును. బంతి ఎగిరినప్పుడు పైనున్న స్థితి, నేలను తాకిన స్థితి ఆయనవి. వాటి నడుమనుండు బొమ్మలను సహాయకులు పూరింతురు. పెన్సిలు బొమ్మలను ఫిలిముపై పరీక్షించి, తప్పులు దిద్దిన పిదపనే సెల్యులాయిడుపై సిరాతో ఎత్తి వ్రాసి రంగులు నింపుదురు. ఈ సిరా, రంగుల పని చేసినవారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. తెరమీద వారి పేర్లు కనబడకపోయినను, వారి చేతి నేర్పు లేనిదే ఏ చిత్రమును పూర్తికాలేదు.

తన చిత్రకారుల విద్య ఇంకను పెరుగవలెనని డిస్నీ తలచెను. 1932 నుండి డాన్ గ్రాహమ్ అను ఉపాధ్యాయునిచే సంస్థలోనే తరగతులు నడిపించెను. జీతము తీసికొను చిత్రకారులు మరల విద్యార్థులై, మనుష్యుల నడకను, జంతువుల శరీరనిర్మాణమును, వస్త్రముల మడతలను చూచి గీయుట నేర్చిరి. పిదప బాంబీ అను జింకపిల్ల కథకై నిజమైన జింకపిల్లలనే తెప్పించి వాటిముందు కూర్చుండి గీసిరి.

1934 లో ఒక సాయంకాలము డిస్నీ తన ముఖ్య చిత్రకారులను సమావేశపరచి, స్నోవైట్ రాజకుమారి, ఏడుగురు మరుగుజ్జుల కథను గంటలతరబడి చెప్పెను. చెప్పుట కాదు, అన్ని పాత్రలను తానే నటించి చూపెను. అంతవరకు ఆయన సంస్థ తీసిన యానిమేషన్ చిత్రములు కొద్ది నిమిషములు నడచునవే. ఆయన తలపెట్టినది 83 నిమిషముల చిత్రము. అంతసేపు బొమ్మలను ఎవరు చూతురని సినిమా వ్యాపారులు ఎగతాళిచేసి, దానిని డిస్నీ వెఱ్ఱి అని పిలిచిరి. భార్యయు, అన్నయు వారించిరి. తొలుత 2,50,000 డాలర్లు చాలునని వేసిన అంచనా 15 లక్షల డాలర్ల వరకు పెరిగెను. ఇల్లు తాకట్టు పడెను. తుదకు సొమ్ము చాలక, పూర్తికాని చిత్రమునే బ్యాంకు అధికారికి చూపవలసి వచ్చెను. రంగులు వేసిన భాగములు కొన్ని, పెన్సిలు గీతలు కొన్ని, కథాఫలకపు బొమ్మలు కొన్ని కలిపి అతుకులబొంతవలె నున్న ఆ చిత్రమును చూపుచు, లేని భాగములను డిస్నీ నోటితో చెప్పి పూరించెను. అధికారి చూచి, అప్పు మంజూరు చేసెను.

ఇంతటి ధనసంకటములో కూడ డిస్నీ చేసిన పని యొకటి విద్యార్థులు గుర్తుంచుకొనదగినది. మరుగుజ్జులు చప్పుడుచేయుచు సూపు త్రాగు ఘట్టమును వార్డ్ కింబాల్ అను యువచిత్రకారుడు నెలలతరబడి శ్రమించి గీసెను. అది మిక్కిలి నవ్వు పుట్టించునదే. కాని చిత్రము మొత్తమును చూచినప్పుడు, కథ అచట నిలిచిపోవుచున్నదని డిస్నీకి తోచెను. ఆ ఘట్టమును తొలగించెను. మరుగుజ్జులు రాజకుమారికై మంచము చేయు ఘట్టమును గూడ తీసివేసెను. కింబాల్ మనస్సు విరిగి, ఉద్యోగము మానుకొనుటకు సిద్ధపడి డిస్నీని చూడబోయెను. డిస్నీ ఆయనకు తదుపరి చిత్రమైన పినోకియోలో జిమినీ అను కీచురాయి పాత్రను అప్పగింపగా, సంతోషముతో తిరిగివచ్చెను. ఎంత అందముగ నున్నను కథకు పనికిరానిది నిలువరాదు. తాను ప్రేమించిన పనిని తానే తొలగించుకొనుట గీయుటకంటె కష్టమైన విద్య.

1937 డిసెంబరు 21 వ తేదీన స్నోవైట్ చిత్రము లాస్ ఏంజెల్స్‌లో మొదటిసారి ప్రదర్శింపబడెను. ఎగతాళిచేసినవారే ఆ సభలో కూర్చుండియుండిరి. రాజకుమారి చలనములేక పడియున్న దృశ్యమున, అవి బొమ్మలని మరచి ప్రేక్షకులు కన్నీరు కార్చిరి. చిత్రము ముగియగనే లేచినిలచి చప్పట్లు కొట్టిరి. ఈ చిత్రమునకై 1939 లో ఆయనకు ఒక పెద్ద ఆస్కార్ ప్రతిమను, దానితోపాటు ఏడు చిన్న ప్రతిమలను బహూకరించిరి.

అయితే ఆ వైభవము నిర్విఘ్నముగ సాగలేదు. 1940 లో వచ్చిన పినోకియో, ఫాంటాసియా చిత్రములు గొప్పవే యైనను, రెండవ ప్రపంచయుద్ధమువలన ఐరోపాలో ప్రదర్శనలు నిలిచిపోగా నష్టము తెచ్చినవి. జీతములలోని తారతమ్యములు, తెరపై పేర్లు వేయకపోవుట మొదలగు కారణములచే పనివారిలో అసంతృప్తి పెరిగెను. 1941 మే నెలలో వారు సమ్మె చేసిరి. డిస్నీ దానిని తనకు జరిగిన ద్రోహముగ భావించెను. కాని వారి కోరికలలో న్యాయము లేకపోలేదు. తుదకు సంస్థ కార్మిక సంఘమును గుర్తింపవలసివచ్చెను. స్త్రీలకు చిత్రకారిణులుగ చోటు దొరకుట కూడ ఆలస్యమైనది. 1942 లో వచ్చిన బాంబీ చిత్రముతోనే రెట్టా స్కాట్ అను యువతి పేరు యానిమేటరుగ ఆ సంస్థ చిత్రములలో మొదటిసారి తెరమీద కనబడెను. మహాకార్యములు పలువురి శ్రమచే నెరవేరునని, ఆ శ్రమకు తగిన గుర్తింపు దొరకవలెనని ఈ కథ మనకు తెలుపుచున్నది.

యుద్ధానంతరము, 1950 లో, సిండరెల్లా చిత్రము సంస్థను మరల నిలబెట్టెను. 1955 జులై 17 న డిస్నీలాండ్ అను విశాలమైన వినోదోద్యానము కాలిఫోర్నియాలో వెలసెను. డిస్నీకి మొత్తము 22 పోటీ ఆస్కార్ బహుమతులు లభించినవి. దీర్ఘకాలము పొగత్రాగిన ఆయన ఊపిరితిత్తుల క్యాన్సరుచే 1966 డిసెంబరు 15 వ తేదీన కన్నుమూసెను.

ఆయన తదనంతరము ఈ కళ రూపము మారినది. 1995 లో వెలువడిన టాయ్ స్టోరీ పూర్తిగ కంప్యూటరుతో నిర్మింపబడిన మొదటి పూర్తినిడివి చిత్రము. నేడు సెల్యులాయిడు రేకులతో పనిలేదు. సాఫ్ట్‌వేరు సహాయమున ఒక్క విద్యార్థియే తన ఇంటిలో కూర్చుండి చిన్న చిత్రమును తయారుచేయవచ్చును. ముఖ్యమైన స్థితులను మనము నిర్ణయించినచో, నడిమి స్థితులను కంప్యూటరు పూరించును. అనగా నాడు సహాయకులు చేసిన పనిలో కొంత నేడు యంత్రము చేయుచున్నది. కాని టాయ్ స్టోరీ తీసినవారును ముందుగ కథాఫలకమునే సిద్ధపరచుకొనిరి. బంతి బరువైనదో తేలికైనదో, పిల్లవాడు భయపడి పరుగెత్తుచున్నాడో సంతోషించి పరుగెత్తుచున్నాడో యంత్రమునకు తెలియదు. అది మనమే ఎరిగి చెప్పవలెను.

కావున ఈ విద్యయందు ఆసక్తి గల బాలబాలికలు యంత్రము దొరకలేదని చింతింపనక్కరలేదు. ఒక చిన్న కథను ఎన్నుకొని, కాగితమును ఇరువది గళ్ళుగ విభజించి, గడికొక దృశ్యము చొప్పున గీయుడు. వాటిని కత్తిరించి గోడకు వరుసగా అంటించి, మిత్రులకు కథ చెప్పుడు. వారు ఎచట విసుగుచెందిరో గమనించి, అచటి కాగితమును మార్చి మరల గీయుడు. గ్రంథాలయపు పుస్తకము చేతబట్టి రాత్రులు శ్రమించిన ఆ కాన్సస్ నగరపు యువకుడు నడచిన త్రోవయు ఇదియే. ఉపకరణములు కాలముతోపాటు మారుచుండును; ఓపికతో ఆలోచించి, తన తప్పును తానే దిద్దుకొను అలవాటు మాత్రము ఏ కాలమునకైనను కావలసినదే.